సూరమ్మ గొంతు

బెజవాడ,
12 జులై 1956

అప్పా,

దణ్ణాలు. ఒక మంచి కబురు, కొంచెం భయపెట్టే కబురు. ఇన్నాళ్ళూ రేడియో ఆఫీసులో పంటల ధరలూ, వానల సంగతులూ రాసి ఇస్తున్నాను కదా, ఇప్పుడు వారం వారం ఒక నాటిక రాయమన్నారు. ఆదివారం సాయంత్రం ఆరున్నరకి, పావుగంట. మనుషులు ఇద్దరే, మొగుడూ పెళ్ళాం. ప్రతివారం దేనికో ఒకదానికి తగువు పడాలి, పావుగంట అయ్యేసరికి కలిసిపోవాలి. విన్నవాళ్ళు నవ్వాలి. నవ్వి ఇంటికెళ్ళేక వాళ్ళ పెళ్ళాన్ని ఒకసారి సరిగ్గా చూడాలనిపించాలి. పేరు ‘ఎదురింటి కాపురం’ అని పెట్టేను.

పదమూడు వారాలు ఇచ్చేరు. నచ్చితే సాగిస్తారు, నా ఉద్యోగం కూడా ఖాయం చేస్తారు. నచ్చకపోతే నాటికా ఉండదు, నేనూ ఉండను.

నీతో చెప్పకుండా రాస్తే కళ్ళు పోతాయి. ఆ మొగుడూ పెళ్ళాం నువ్వూ, బావానూ. పేర్లు మాత్రం సూరమ్మ, అప్పలస్వామి అని మార్చేను. అమ్మ పోయేక నన్ను మీ ఇంట్లో పెట్టుకుని పెంచేవు. ఆ ఏడేళ్ళూ మీ తగువులు నంజుకునే అన్నం తిన్నాను. గానుగ దగ్గర పెనంలో బెల్లం మాడిపోతుంటే, ముందెవరు చూసేరన్నదాని మీద మీరిద్దరూ గంటసేపు వాదించుకున్నారు చూడు, అదే మొదటివారం నాటిక.

సూరమ్మ వేషానికి రాజ్యం గారని లలితగీతాలు పాడే ఆవిడ దొరికింది. గొంతు పానకం. అప్పలస్వామికి పద్యాలు పాడి మెడల్సు సంపాదించిన స్టేజీ నటుడు. ఇంతకన్న మంచి జత ఈ జిల్లాలో లేదని మా పెద్దాఫీసరు అన్నాడు.

పంచాయితీ ఆఫీసు రేడియో దగ్గరికెళ్ళి విను. ఎలా ఉందో దాచకుండా రాయి. అనకాపల్లి బట్టల షాపు నూర్ అహ్మద్ గారు సరుక్కి ఇక్కడికొచ్చేరు. ఆయన చేత రెండు కట్టల చుట్టలు పంపిస్తున్నాను, మంచి కారంగా ఉంటాయిట. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తూ, ఆ చుట్ట తియ్యకుండానే ఓ పక్క పెదవిలోంచి నువ్వు బావని తిట్టే తిట్ల గురించి ఇక్కడ చెప్తే ఎవరూ నమ్మరు. నోట్లో నిప్పేమిటండీ అంటారు.

నీ తమ్ముడు
గణపతి


చోడవరం,
31 జులై 1956

ఒరే గణపతీ,

అందరం క్షేమం అని ముందు రాయాలి కనక రాసేను. ఇంక నీ నాటిక సంగతి.

రెండు వారాలూ విన్నాను. మగాళ్ళు లోపల బెంచీల మీద, మేం గోడకివతల. నువ్వు దాచకుండా రాయమన్నావు కదా, తరవాత ఏడవకు. ఆ రాజ్యం గారి గొంతు బాగుంది. దేవుడి దగ్గర పాడుకోడానికి బాగుంది. మొగుణ్ణి తిట్టడానికి పనికిరాదు. పెనం మాడుతోందిరా నాయనా అని గుండె బాదుకోవలసిన చోట, మంగళహారతిలాగ సాగదీసింది. ఆవిడ అలగలేదు, అలకని పాడింది.

ఆ మెడల్సాయన ఇంకా అన్యాయం. ప్రతి మాటకీ ఆగుతాడు, మేం నవ్వుతామేమోనని. తను నవ్వు పుట్టిస్తున్నట్టు మొగుడికి తెలియకూడదురా. మీ బావ ఎప్పుడైనా నన్ను నవ్విద్దామని మాట్లాడేడా? ‘మాడిందంతావేటే, బెల్లానికి రంగొచ్చింది’ అని ఆరోజు నిజంగానే అనుకుని అన్నాడు. అందుకే నాకు నవ్వొచ్చింది, అందుకే కోపమూ పోయింది. నీ వాళ్ళిద్దరికీ ఒకళ్ళంటే ఒకళ్ళకి ఇష్టం లేదు. మా పక్కింటి పైడితల్లి అడిగేసింది, ‘ఆల్లిద్దరూ సెరో ఊళ్ళో కూకుని మాటాడుకుంతన్నారేటే?’ అని. ఇష్టం ఉన్న ఇద్దరు తిట్టుకుంటే వినబుద్ధేస్తుంది. ఇష్టం లేనివాళ్ళు తిట్టుకుంటే లేచి వెళ్ళిపోవాలనిపిస్తుంది. రెండోవారం సగం మంది వెళ్ళిపోయేరు కూడాను.

మీ బావ ఇంటికొచ్చి, ‘ఆడెవడో గాని పెల్లాన్ని బాగా బరిస్తన్నాడు’ అన్నాడు. అది తనేనని నేను చెప్పలేదు.

చుట్టలు అందేయి. ఈమధ్య పొగ సయించటం లేదు, కారం తింటే మంటగా ఉంది. వేడి చేసినట్టుంది, మజ్జిగ తాగుతున్నాను. మెడల్సాయన్ని ముందు పంపించెయ్యి.

మీ అప్ప
అచ్చియ్యమ్మ


బెజవాడ,
10 ఆగస్టు 1956

అప్పా,

నీ ఉత్తరం మా పెద్దాఫీసరుకి చదివి వినిపించేను. ‘మీ సిస్టర్ని పిలిచి నీ కుర్చీలో కూచోబెడితే సరిపోతుంది’ అన్నాడు. హాస్యానికన్నాడో, బెదిరింపుకన్నాడో తెలియలేదు.

అప్పలస్వామి దొరికేడు. మా ఆఫీసులో పాటల రికార్డులు అందించే గుమాస్తా ఒకడున్నాడు, పెదబాబు అని, మన వడ్డాదివాడే. మెడల్సాయన జ్వరమని రాకపోతే, రిహార్సల్లో ఊరికే చదవమన్నాను. చదివేడు. మేమందరం పొట్టలు పట్టుకుని నవ్వుతుంటే వాడు కంగారుపడి, ‘ఏటండి, తప్పు సదివీసినానా?’ అన్నాడు. అప్పుడు అర్థమైంది నువ్వు రాసింది. జ్వరం తగ్గినా మెడల్సాయన్ని మళ్ళీ పిలవలేదు.

కాని ఇప్పుడు రాజ్యం గారు మరీ తేలిపోతోంది. పెదబాబు నిజంగా మొగుడైపోతే ఆవిడ ఇంకా పాటగత్తె గానే ఉంది. నీ పలుకు పడుతుందేమోనని ఆవిడ పళ్ళ మధ్య పెన్సిలు పెట్టి చదివించేను. పెన్సిలు కొరికి కళ్ళనీళ్ళు పెట్టుకుంది, పాపం. ఒక మనిషి సరిగ్గా దొరికి ఇంకో మనిషి దొరక్కపోతే, ఇద్దరూ దొరకనప్పటికన్నా ఎక్కువ తెలిసిపోతుంది. సెప్టెంబరు నాలుగో ఆదివారం లోపల బాగుపడకపోతే ఆపేస్తామన్నారు.

అందుకని చెప్తున్నాను, కాదనకు. నువ్వే రా. నాకు నీలాంటి గొంతు అక్కర్లేదు, నీ గొంతే కావాలి. రెండు నెలలు నా దగ్గరుండు. నీకు చదవడం వచ్చు, నాకు అక్షరాలు దిద్దించినదానివి. మైకు ముందు నించుని బావ ఎదురుగా ఉన్నాడనుకో చాలు. నేను విన్న ఆడవాళ్ళ గొంతుల్లో నీదంత మంచి గొంతు లేదు. ఇది పొగడ్త కాదు, అవసరం.

గణపతి


చోడవరం,
22 ఆగస్టు 1956

గణపతీ,

క్షేమం. ఊడ్పులు అవుతున్నాయి, మనుషులు దొరకడం లేదు. నేను రాలేను. మీ బావ ఒప్పుకోలేదు. ఆడది రేడియోలో మాట్లాడ్డం ఆయనకి ఇష్టం లేదు. ఇంక ఆ మాట ఎత్తకు.

వేరే ఎవరినైనా చూసుకో.

అచ్చియ్యమ్మ


బెజవాడ,
28 ఆగస్టు 1956

అప్పా,

నాలుగు ముక్కలు రాసేవు. అందులో మూడు నీ మాటల్లా లేవు. పక్కన నించుని బావ చెప్తే రాసేవేమో అనిపించింది.

ఇంట్లో నీ నోటికి అడ్డు లేదనుకునేవాణ్ణి. బావ అంత మంచివాడు లేడని ఊరందరికీ నాటిక రాసి చెప్తున్నాను. ఆ మంచితనం గుమ్మం దాకానే అని ఇప్పుడు తెలిసింది. దీంతో ఆయనకి వేరే కాగితం పెట్టేను. ఆయనకి చదవడం రాదు కనక నువ్వే చదివి వినిపించు. ఒక్క మాట కూడా వదలకు, నా మీద ఒట్టు.

పోస్టులో ఇంకో కట్ట చుట్టలు పంపించేను. అవి నీకు, ఆయనకి కాదు.

గణపతి

(బావకి)
బావా, మీ అన్నం తిని పెరిగేను కనక ఇన్నాళ్ళూ మిమ్మల్ని ఒక్క మాట అనలేదు. మా అప్ప ఇరవై ఏళ్ళు మీ ఇంట్లో, మీ చెరుకుతోటలో చాకిరీ చేసింది. బదులుగా ఏమీ అడగలేదు. ఇప్పుడు ఒక్కసారి దాని గొంతు నలుగురూ వినే అదృష్టం వచ్చింది. అది కూడా మీకు పడలేదు. నా ఉద్యోగం పోతే పోయింది. దాని నోరు నొక్కేసినందుకు మాత్రం మిమ్మల్ని క్షమించను.


చోడవరం,
9 సెప్టెంబరు 1956

గణపతీ,

నీ కాగితం మీ బావకి చదివి వినిపించేను. ఒట్టు పెట్టేవు కనక ఒక్క మాట వదల్లేదు. పారకి కర్ర బిగిస్తూ విన్నాడు. అంతా అయ్యేక, ‘కుర్రోడు, తిట్టుకోనీ’ అన్నాడు. కర్ర సరిగ్గా పడలేదని మళ్ళీ ఊడదీసేడు. ఇంకెప్పుడూ ఆయనకి అలా రాయకు. నాకు చాలా కష్టంగా ఉంది.

నీకు సూరమ్మని నేను చెప్తాను. మా ఆడబిడ్డ నూకరత్నం మీ బెజవాడలోనే ఉంది, రైల్వే క్వార్టర్సులో. మొగుడు సత్యారావు ఇంజన్లో బొగ్గేసే ఉద్యోగం. ‘నిన్ను అంత ఏడిపించిన మనిషా?’ అంటావు. అదే. నాకూ దానికీ ఆరేళ్ళై మాటల్లేవు. అది వీధరుగు మీద కూచుని, పుల్ల ఒకటి పళ్ళ మధ్య పెట్టుకుని, నా అడ్డచుట్టా, నా తిట్లూ, నా మూతివిరుపులూ చేసి చూపించి వీధంతా నవ్వించేది. ఒకరోజు పెరట్లోంచి విని, నేనిక్కడుంటే అక్కడ మాట్లాడుతున్నదెవరా అని నేనే ఝడుసుకున్నాను. ఆ రోజే దాని జుట్టు పట్టుకున్నాను.

నా గొంతు నాకన్నా దానికే బాగా వచ్చు. ప్రేమతో నేర్చుకున్నది మరిచిపోతామేమో గాని, కడుపుమంటతో నేర్చుకున్నది మరిచిపోం. చదవడం రాదు. నువ్వు ఒకసారి చదివి వినిపిస్తే చాలు, అప్పజెప్పేస్తుంది.

ఒకటి చెప్తాను, రాసుకో. తిట్టేచోట దాన్ని అరవనివ్వకు. అరిస్తే మీ బావ లెక్క చెయ్యడు, నాకు నిజంగా కోపం వస్తే గొంతు తగ్గిపోతుంది. అప్పుడే ఆయన చేతిలో పని కింద పెట్టేది. పెదబాబుతో చెప్పు, సూరమ్మ గొంతు తగ్గించగానే అతను తడబడాలి. నవ్వించడం అక్కర్లేదు, భయపడితే చాలు.

నేనే వెళ్ళమన్నానని నూకరత్నంతో చెప్పు. నమ్మకపోతే ఈ ఉత్తరం చదివి వినిపించు, జుట్టు సంగతి కూడా వదలకు.

అచ్చియ్యమ్మ


బెజవాడ,
18 అక్టోబరు 1956

అప్పా,

గెలిచేం.

నీ ఉత్తరం చదివితే నూకరత్నం జుట్టు సంగతి దగ్గర పకపకా నవ్వింది. మైకు చూసి ‘ఈ ఇనప ముక్కతోటి మాటాడాలేటి?’ అంది. నేను లైను చదివేను, అది తిరిగి చెప్పింది. కళ్ళు మూసుకుంటే నువ్వే. పెదబాబు నిజంగానే తడబడ్డాడు, రాయని చోట కూడా. వాళ్ళిద్దరూ ఒకళ్ళ మాట ఒకళ్ళు అందుకుంటుంటే నేను రాసిన మాటలు నాకే కొత్తగా వినిపించేయి. నాలుగు వారాల్లో సంచీడు ఉత్తరాలు వచ్చేయి. గుంటూరు నించి ఒకాయన, ఆర్నెల్ల కిందట పుట్టింటికి పంపేసిన భార్యని వెళ్ళి తెచ్చుకున్నానని రాసేడు. నాటిక సాగుతుంది, నా ఉద్యోగం ఖాయమైంది. అంతా నీ చలవ.

ఒకటే అర్థం కావడం లేదు. ఈ నెల మొదట్లో నూకరత్నం నాలుగు రోజులు మీ దగ్గరికి వచ్చి వెళ్ళింది కదా. అప్పట్నించీ మనిషి మారిపోయింది. మైకు ముందు ఇంకా బాగా చేస్తోంది, నువ్వు దగ్గడం కూడా చేస్తోంది. ఎర్రలైటు ఆరగానే మూలకి పోయి ఏడుస్తోంది. అడిగితే ‘మా అన్న తిడతాడని’ అంటుంది. బావ దాన్ని కూడా బెదిరించేడా? దాని చేత నీకు పంపిన చుట్టల కట్ట తిరిగి తెచ్చేసింది. ‘వదిన మానీసింది’ అంది. నువ్వు చుట్ట మానడమేమిటి, ఎవరికి మొక్కేవు?

వచ్చే నెల రికార్డింగు చూద్దువు గాని, రా. ఒక్కదానివే రా. బావకి నా దణ్ణాలు చెప్పకు.

గణపతి


బెజవాడ,
9 నవంబరు 1956

అప్పా,

నూకరత్నం చెప్పేసింది. ఆదివారం నాటిక అయ్యేక నా కాళ్ళ దగ్గర కూలబడి, ‘ఇక నావొల్ల కాదు బాబూ. ఆవిడికి అంగిట్లో రాసపుండు. నోరు తెరవనేక పట్నం ఆస్పత్రిలో ఉంది. ఆవిడ గొంతు నాను ఇక్కడ అమ్ముకుంతన్నాను’ అంది.

మూడుసార్లు నీకు చుట్టలు పంపించేను. మంచి కారంగా ఉంటాయని రాసి మరీ పంపించేను. నా చేతులు నాకే అసహ్యంగా ఉన్నాయి. ప్రతి ఉత్తరంలో క్షేమం అని రాసేవు. ఎవరి క్షేమం అది?

బావని అన్న మాటలు తల్చుకుంటే తల ఎత్తుకోలేకపోతున్నాను. ఆయన ఒప్పుకోలేదన్నది అబద్ధమేనా? నాటిక ఆపేస్తానని రేపు చెప్పేస్తాను. సెలవు ఇవ్వగానే వస్తాను. ముందు నాకు నిజం రాయి.

గణపతి


విశాఖపట్నం,
13 నవంబరు 1956

తమ్ముడూ,

ఏడవకు. నిజం రాస్తున్నాను.

జులైలో అంగిట్లో చిన్న పొక్కు, ఇక్కడ దాన్నే కేన్సరంటున్నారు. ఆగస్టుకి మాట ముద్దగా రావడం మొదలైంది. ‘నీ గొంతే కావాలి’ అని నువ్వు రాసిన ఉత్తరం ఆ వారంలోనే వచ్చింది. దాన్ని నాలుగుసార్లు చదువుకున్నాను. పుట్టి బుద్ధెరిగి నా గొంతు బాగుందని నాతో ఎవరూ అనలేదురా. నోరుమూసుకోమన్నవాళ్ళే గాని విప్పమన్నవాళ్ళు లేరు. విప్పమన్నవాడు వచ్చేసరికి అది నాది కాకుండా పోతోంది. ఆ మాట నీకు రాయలేకపోయేను. రాస్తే పని వదిలేసి పరిగెత్తుకొస్తావు, నీకున్నవేమో కొన్ని ఆదివారాలు.

మీ బావ మీద అబద్ధం పెట్టేనని ఆయనతో చెప్పేను. ‘నా మీద ఎట్టీ, నాను మోత్తాను’ అన్నాడు. తరవాత నీ కాగితం వచ్చింది. దాన్ని నా నోటితోనే ఆయనకి చదవవలసి వచ్చింది. నోరు నొక్కేసినందుకు అన్నచోట కాగితం మడిచేసేను. ‘సదువు, ఒట్టెట్టినాడు గదా’ అని ఆయనే అన్నాడు. నువ్వు ఆయన కాళ్ళమీద పడాలి. అది నా కోసం కాదు, నీ కోసం.

చుట్టల గురించి ఏడవకు. పన్నెండో ఏట పన్నునొప్పి తగ్గుతుందని అమ్మ నా నోట్లో పెట్టింది. అమ్మకి వాళ్ళమ్మ పెట్టింది. గాలికి ఆరిపోకూడదనీ, మామగారి కంట పడకూడదనీ నిప్పు లోపలికి తిప్పుకున్నాం. అందరం అలాగే కాల్చేం. ఈ వార్డులో ఉన్న ఆడవాళ్ళందరూ మనవైపు వాళ్ళే. నువ్వు పంపినవి పైడితల్లికి కూడా ఇవ్వకుండా పొయ్యిలో పడేసేను.

నూకరత్నం వచ్చిన నాలుగు రోజులూ దానితో మాట్లాడుతూనే ఉన్నాను. నొప్పి పెట్టినా మాట్లాడేను. ‘వదినా, నిన్నెక్కిరించిన పాపమేటే ఇది’ అని ఏడిచింది. పాపం కాదే, పుణ్యం, ఇంకొంచెం ఎక్కిరించు అన్నాను. మేకని ఎలా తోలుతానో, తుమ్మితే ఏమంటానో, ఆయన్ని అన్నానికి ఎలా పిలుస్తానో, ఆపుకోలేనంత నవ్వొస్తే ఎలా నవ్వుతానో, నాకు తెలిసినన్నీ దాని నోట్లో పెట్టేసేను. ఇన్నాళ్ళూ మాట్లాడకుండా ఉన్నదంతా ఆ నాలుగు రోజుల్లో మాట్లాడేసుకున్నాం. దాన్ని మాన్పించకు. నాటిక ఆపేస్తే నా గొంతు రెండుసార్లు పోయినట్టు.

ఇరవయ్యో తారీకున ఆపరేషను. అంగిలి తీసేస్తారట. తరవాత మాట వస్తుందా అని అడిగితే, ప్రాణం సంగతి ముందు చూద్దాం అన్నాడు డాక్టరు. నాకు చాలా భయంగా ఉంది. నీతో కాక ఇంకెవరితో చెప్పను?

నీ అప్ప


బెజవాడ,
8 డిసెంబరు 1956

అప్పా,

ఇంటికి చేరేను. నాలుగు రోజులు నీ మంచం పక్కన కూచున్నా ఒక్క మంచిమాట చెప్పలేకపోయేను. నువ్వు గోడవైపు తిరిగి పడుకుంటే కోపమేమో అనుకున్నాను. నీ మూతి నాకు కనపడకూడదనే అలా తిరిగేవని తరవాత తెలిసింది.

బావ కాళ్ళమీద పడ్డాను. లేవనెత్తి, ‘టీ తాగినావేటి?’ అన్నాడు. అంతే. ఆ మాటకి నేను హాల్లో అందరిముందూ ఏడిచేను.

నీకు మాట్లాడ్డానికి ఉంటుందని పలకా బలపాలూ కొని ఇచ్చేను. నువ్వు దానిమీద ఏదో రాసి బావకి చూపించేవు. ఆయన దాన్ని రెండు చేతులా పట్టుకుని చూస్తూ నించున్నాడు. ఆయనకి చదవడం రాదని నాకూ గుర్తులేదు, నీకూ గుర్తులేదు. ఆ పలక నేను ఎందుకు కొన్నానా అని దారిపొడుగునా అనుకున్నాను. నాటిక ఆపలేదు.

గణపతి


చోడవరం,
18 ఫిబ్రవరి 1957

గణపతీ,

గాయం మానుతోందన్నారు. మళ్ళీ రాకూడదని దేవుడికి దణ్ణం పెట్టుకోమన్నారు, అంటే వాళ్ళకీ తెలియదన్నమాట. జావ తాగితే ముక్కులోంచి వస్తోంది. మాట అంతా గాలి. ఒకసారి పైడితల్లిని మంచినీళ్ళు అడిగితే దాని మనవరాలు ఝడుసుకుని ఏడిచింది. ఆరోజు నించి నోరు తెరవడం మానేసేను. నీకు ఉత్తరం రాస్తున్నంతసేపే నేను మాట్లాడుతున్నట్టు ఉంటుంది.

మీ బావ సంగతి రాయాలి. ఇంటికొచ్చిన దగ్గర్నించీ ఆయన కూడా మాట్లాడ్డం మానేసేడు. కోపం కాదు. జావ కాచి ఇస్తాడు, నీళ్ళు తోడతాడు, గానుగ ఆడుతున్న రోజుల్లో కూడా మధ్యలో వచ్చి నా పక్కన కూచుని వెళ్తాడు. మాట మాత్రం లేదు. తను ఒకటంటే నేను తిరిగి రెండనాలి కదా, అనలేక నా ప్రాణం కొట్టుకుంటుందని ఆయన భయం. మొన్న ‘ఏటే’ అని మొదలెట్టి, అంతలోనే నాలిక కరుచుకుని పెరట్లోకి వెళ్ళిపోయేడు. నేను పోయేక ఈ ఇల్లు ఎలా ఉంటుందో నేను బతికుండగానే చూస్తున్నాను. పుండుకన్నా ఇదే నన్ను ఎక్కువ తినేస్తోంది. నువ్వు మాట్లాడు, నాకు అదే మందు అని చెప్దామంటే ఆయనకి అక్షరం రాదు. పైడితల్లికీ రాదు. పలక మీద రాసి ఇంకెవరి చేతనో చదివించాలంటే సిగ్గుగా ఉంది. మొగుడికి చెప్పుకునే మాట పరాయివాళ్ళ నోట ఎలా పెట్టను?

నిన్న ఆదివారం నా దుప్పటి తెచ్చి చేతికిచ్చేడు. పంచాయితీ ఆఫీసుకి వెళ్ళేం. ఆయన బెంచీ మీద, నేను ఎప్పటిలాగే గోడకివతల, కిటికీ దగ్గర. నాటికలో అప్పలస్వామి దేనికో పెరట్లో తాత్సారం చేస్తున్నాడు. నూకరత్నం పిలిచింది. ‘ఏటి, అన్నం ఎట్టీసినాను, సల్లారిపోతంది, వత్తావా రావా?’ అని. ఒరే, నేనే పిలిచేను. ఆ ‘రావా’ దగ్గర నేను తీసే దీర్ఘం కూడా తీసింది.

పెదబాబు ఇంకా నోరు విప్పలేదు. మీ బావ బెంచీ మీంచి లేచి, ‘వత్తన్నానే, కాళ్ళు కడుక్కుని వత్తన్నాను!’ అని గట్టిగా పలికేడు.

ఆఫీసంతా గొల్లుమంది. ప్రెసిడెంటు కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వేడు. మా గోడకివతల ఆడవాళ్ళు కూడా నవ్వేరు. మీ బావ మాత్రం లేచినవాడు లేచినట్టే నిలబడిపోయేడు. ఎక్కడున్నాడో తెలిసేక మెల్లిగా కిటికీకేసి చూసేడు. నేను తల తిప్పుకోలేకపోయేను.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కున్నాడు. పీట వేసుకుని ఖాళీ కంచం ముందు కూచున్నాడు, నేను పిలిచేను కనక. అన్నం పెట్టేను. కంచంలో కన్నీళ్ళు పడుతుంటే అలాగే కలుపుకుని తిన్నాడు. అప్పుడూ మాట్లాడలేదు.

నాకు ఒక ఉపకారం చెయ్యి. ఇన్నాళ్ళూ నా మాటలు అడక్కుండా వాడుకున్నావు, నేను ఏమీ అనలేదు. ఇప్పుడు నేను ఇచ్చిన మాట ఒకటి నాటికలో పెట్టు. పై ఆదివారమే పెట్టు, ఆయన బెంచీ మీద ఉంటాడు. అప్పలస్వామి మూగనోము పట్టినట్టు ఏదో కథ అల్లు, అది నీకు చేతనౌను. ఊరంతా నవ్వుకోనీ, ఫరవాలేదు. నూకరత్నం చేత ఈ మాట అనిపించు, ఒక్క అక్షరం మార్చకు:

‘నాను పలకడం నేదని నువ్వు కూడా మానీసినావేటి? నీ నోటికేటొచ్చింది? నువ్వు మాటాడు. నాను ఇంటన్నాను.’

మీ అప్ప